లోకం కబురూ, ఇంటి కబురూ ఒకే పేజీలో

అమ్మలూ,

నీ ఉత్తరం అందింది. మూడుసార్లు డైరీ మొదలుపెట్టావనీ, ఏదీ పది రోజులు దాటలేదనీ రాశావు. వార్తలు చూస్తే టెన్షన్, చూడకపోతే ఏదో వెనకబడిపోతున్నట్టు ఉంటోందన్నావు. ఇంటిపని తెమిలి కూర్చునేసరికి రాయడానికి బుర్రలో ఏమీ మిగలడం లేదన్నావు. యాభై ఏళ్ళకు పైగా నోటుబుక్కులు నింపినదాన్ని కాబట్టి నాకు తెలిసింది చెబుతాను.

నువ్వు వీటిని మూడు పనులుగా చూస్తున్నావు. వార్తలొకటి, రాయడమొకటి, ఇల్లొకటి. అందుకే రోజు చాలడం లేదు. ఒక్కటే నోటుబుక్కు పెట్టుకో. ఆ రోజు లోకంలో జరిగినది ఒకటి, ఇంట్లో జరిగినది ఒకటి, రెండూ ఒకే పేజీలో పక్కపక్కన రాయి. ఈ సంగతి నాకు తెలిసేసరికి చాలా పుస్తకాలు వృథా అయ్యాయి.

నా మొదటి నోటుబుక్కు 1969 నాటిది. అప్పుడు నాకు పద్నాలుగేళ్ళు. ఆ జూలైలో మనిషి చంద్రుడి మీద కాలు పెట్టాడు. పేపరు ముందు పెట్టుకుని రెండు పేజీలు ఎక్కించాను. నౌక పేరు, ముగ్గురు వ్యోమగాముల పేర్లు, కిందికి దిగిన ఇద్దరెవరు, పైన తిరుగుతూ ఉండిపోయినవాడెవరు, అన్నీ ఉన్నాయి. ఇప్పుడు చదువుకుంటే నాకు కావలసిన ముక్క ఒక్కటీ లేదు. ఆ వివరాలు ఎవరికి కావాలన్నా ఎక్కడైనా దొరుకుతాయి. రేడియోలో ఆ కబురు వస్తున్నప్పుడు మా అమ్మ ఏదో అంది, అందరం నవ్వాం. అంతవరకే గుర్తుంది. ఏమందో నేను రాయలేదు, ఆ మాట పోయింది.

తర్వాత కొన్నేళ్ళు దానికి పూర్తిగా ఎదురు దారి పట్టాను. వార్తలు మానేసి నా మనసులో బాధలే రాసుకున్నాను. అవి చదివితే ఏ సంవత్సరమో కూడా తెలియదు. ఎవరి మీద కోపమో, ఎందుకు ఏడ్చానో నాకే అంతుపట్టదు.

లండన్‌లో శామ్యూల్ పీప్స్ అని నౌకాదళ కార్యాలయంలో పనిచేసే ఉద్యోగి ఉండేవాడు. 1660 జనవరి 1న డైరీ మొదలుపెట్టి తొమ్మిదేళ్ళకు పైగా రాశాడు. 1666 సెప్టెంబరు 2 తెల్లవారుజామున ఆ నగరం అంటుకుంది. కొద్దిరోజుల్లోనే 13,000కు పైగా ఇళ్ళు బూడిదయ్యాయి. అంత పెద్ద సంగతిని ఆయన ఎలా మొదలుపెట్టాడో చూడు. మర్నాటి విందు కోసం పనివాళ్ళు రాత్రి పొద్దుపోయేదాకా మేలుకుని ఉన్నారు. మూడు గంటలవేళ జేన్ అనే పనిమనిషి వచ్చి లేపింది. ఆయన కిటికీలోంచి చూసి, మంట దూరంగానే ఉందిలే అనుకుని మళ్ళీ పడుకున్నాడు. రెండు రోజుల తర్వాత తోటలో గొయ్యి తీసి తన ద్రాక్షసారా, చీజ్ పాతిపెట్టాడు. ఎన్ని ఇళ్ళు పోయాయో చరిత్ర పుస్తకాలు చెబుతాయి. ఏం కాదులే అనుకుని మళ్ళీ పడుకున్న సంగతి మాత్రం ఆ ఇంట్లో ఉన్న మనిషే చెప్పాలి. నిన్ను రాయమనేది అదే.

ఇక ఎలా రాయాలంటావా, నాలుగైదు వాక్యాలు చాలు. పడుకునే ముందు రాద్దామనుకోకు. ఒళ్ళు అలిసిపోయి ఉంటుంది, రేపు చూద్దాంలే అనిపిస్తుంది. నీ పదిరోజుల డైరీలు మూడూ అక్కడే ఆగిపోయి ఉంటాయని నా అనుమానం. అందరూ బయటికి వెళ్ళాక ఇల్లు కాస్త సద్దుమణిగే సమయం ఒకటి ప్రతి ఇంట్లోనూ ఉంటుంది. ఆ పది నిమిషాలు పట్టుకో. నిన్న జరిగింది ఈ రోజు పొద్దున రాసినా తప్పులేదు. రాత్రి నిద్రలో పొట్టు ఎగిరిపోయి గింజ మిగులుతుంది. పుస్తకం అల్మరాలో దాచకు. నువ్వు రోజూ కూర్చునే చోట చెయ్యి చాపితే అందాలి, పెన్సిలు దానికే దారంతో కట్టి ఉండాలి. పెన్సిలు వెతుక్కునేలోపు ఎవరో ఒకరు పిలుస్తారు.

పైన తేదీ వెయ్యి, సంవత్సరంతో సహా. నా దగ్గర ‘మంగళవారం, వాన’ అని మొదలయ్యే పేజీలు డజన్ల కొద్దీ ఉన్నాయి, అవి ఏ ఏటివో చెప్పేవాళ్ళు లేరు. ‘ఆవిడ వచ్చింది’ అని రాయకు. ఏ ఆవిడ? పేరూ, వరసా రాయి. ఈ రోజు నీకు తెలిసింది పదేళ్ళ తర్వాత నీకే తెలియదు.

కుడి పేజీలోనే రాసి ఎడమ పేజీ ఖాళీగా వదిలెయ్యి. నెలకో, ఏడాదికో చదువుకున్నప్పుడు గుర్తొచ్చినవి, తప్పని తేలినవి అక్కడ చేరతాయి. కాగితం దండగ అనుకుంటావేమో, నా పుస్తకాల్లో ఎడమ పేజీలే ఎక్కువ బాగుంటాయి.

వార్తల సంగతి. రోజుకు ఒక్కసారి, ఒకచోట కూర్చుని చదువు. పని మధ్యలో ఫోన్ తీసి చూసినవి చూసినట్టు ఉంటాయి గానీ తలకెక్కవు, గుబులు మాత్రం మిగులుస్తాయి. చదివిన వాటిలో ఒక్కటి ఎంచుకో. పెద్దదే కానక్కర్లేదు, నిన్ను పట్టుకున్నది కావాలి. దాన్ని నీ మాటల్లో ఒక వాక్యంగా రాయి. నీ మాటల్లో రాయలేకపోతే నీకు అది ఇంకా అర్థం కాలేదన్నమాట, మళ్ళీ చదువు. ఆ పక్కనే ఎలా తెలిసిందో రాయి: పేపర్లో చూశానని, పక్కింటి పిన్నిగారు చెప్పారని, ఫోన్లో ఎవరో పంపారని. నమ్మకం లేకపోతే ప్రశ్న గుర్తు పెట్టు. రెండు రోజుల తర్వాత నిజం తేలితే ఎడమ పేజీలో రాయి. ఇలా ఆరు నెలలు చేస్తే ఎవరి మాట ఎంతవరకు నమ్మాలో నీ పుస్తకమే నీకు చూపిస్తుంది. టెన్షన్ కూడా తగ్గుతుంది. చేత్తో రాస్తున్నంతసేపు భయం కూడా నీ చేతివేగంతోనే నడవాలి.

ఆ వార్త మీ గుమ్మం దాటి ఎలా లోపలికి వచ్చిందో చూడటం మరిచిపోకు. 2020 మార్చి 11న ప్రపంచ ఆరోగ్య సంస్థ కరోనాను మహమ్మారిగా ప్రకటించింది. ఆ తర్వాత రెండు నెలలు నేను మళ్ళీ పాత తప్పే చేశాను. ఎన్ని కేసులు, ఎన్ని మరణాలు అని రోజూ అంకెలు ఎక్కించాను. ఇప్పుడు ఆ పేజీలు నాకు ఏమీ చెప్పవు. మధ్యలో ఒకచోట మాత్రం, ‘బట్టల తాడు మీద నాలుగు మాస్కులు, మూడు పెద్దవి, ఒకటి చిన్నది’ అని ఉంది. ఆ వాక్యం దగ్గరికి వచ్చేసరికి గొంతు పట్టేస్తుంది.

ఇంట్లోవాళ్ళ మాటలు అన్నవి అన్నట్టే రాయి. ‘అమ్మ కోప్పడింది’ అంటే అది ఏ అమ్మ అయినా కావచ్చు. ఏమని కోప్పడిందో ఆ మాటే రాస్తే మీ అమ్మ వచ్చి ఎదురుగా నిలబడుతుంది. పిల్లలు తప్పుగా పలికే మాటలు మరీ త్వరగా పోతాయి, పలకడం వచ్చేశాక మళ్ళీ వినబడవు. బొమ్మ వెయ్యాలనిపిస్తే వెయ్యి. ఏ కుర్చీ ఎటు తిరిగి ఉండేదో, కిటికీ ఎక్కడుందో చిన్న గీతలతో గీసినా చాలు. ఇల్లు మారాక దాని విలువ తెలుస్తుంది.

ఇంట్లో గొడవైన రోజు రాయొద్దని కొందరంటారు. రాయమనే నేను చెబుతాను. అయితే వాళ్ళన్నది రాసి ఊరుకోకు, నువ్వన్నదీ రాయి. ఇంకొకరు నమ్మి చెప్పుకున్న రహస్యం మాత్రం రాయకు. పుస్తకం ఎవరి చేతిలో పడుతుందో మన చేతిలో లేదు.

పేపరు కత్తిరించి అంటించాలని నీకు సరదా ఉందని తెలుసు. ఆ కాగితం చెక్క గుజ్జుతో చేస్తారు, అందులో ఉండిపోయే లిగ్నిన్ అనే చెక్క పదార్థం వల్ల త్వరగా పసుపెక్కి పెళుసవుతుంది. దానిలోని ఆమ్లం ఎదుటి పేజీకి కూడా మరక అంటిస్తుంది. సెలోటేపు ఎండి ఊడిపోతుంది, జిగురు మరక ఉండిపోతుంది. జిరాక్స్ తీయించి మంచి కాగితం మీద పెట్టుకో. దుకాణాల్లో యంత్రం నుంచి వచ్చే నున్నటి బిల్లులు దాచినా లాభం లేదు, వేడికి తేలే అక్షరాలవి, కొన్నాళ్ళకు తెల్లకాగితమే మిగులుతుంది. ఆ లెక్క చేత్తో రాసుకో. పెన్సిలు అనడానికీ కారణం ఉంది. గ్రాఫైటు వెలుతురుకు వెలిసిపోదు, తడిస్తే అలుక్కుపోదు. నా పెన్ను రాతలు కొన్ని వాననీళ్ళకు నీలం మచ్చలయ్యాయి.

మధ్యలో రోజులు తప్పుతాయి, నాకూ తప్పాయి. తప్పిన రోజులు గుర్తు చేసుకుని నింపకు, ఎందుకు తప్పాయో రాయకు. ఈ రోజు తేదీ వేసి మొదలుపెట్టు.

కథలు రాయాలనుందని ఉత్తరం చివర్లో సిగ్గుపడుతూ రాశావు. ముందు మూడు నెలలు ఈ పుస్తకం నింపు. తర్వాత ఒక మధ్యాహ్నం మొదటినుంచి చదివి, ఎక్కడ ఆగిపోయావో అక్కడ గుర్తు పెట్టు. ఆ నాలుగు వాక్యాలను నలభై చెయ్యి. ఆ రోజు గదిలో ఇంకెవరున్నారు, ఏం శబ్దం వస్తోంది, ఎవరు ఏం దాచారు అని నిన్ను నువ్వు అడుగుతూ రాస్తూ పో. కథ కోసం బయటెక్కడా వెతకక్కర్లేదు.

రెండు నోటుబుక్కులు పంపుతున్నాను, గీతలు లేనివి, కుట్టుబైండు చేసినవి. జిగురు బైండు పుస్తకాలు పదిసార్లు తెరిస్తే పేజీలు ఊడుతున్నాయి.

మీ అమ్మని నా తరఫున ఒకటి అడుగు. ఆ 1969 జూలైలో దానికి తొమ్మిదేళ్ళు. రేడియో పక్కన నేల మీద కూర్చుని ఉండేది. అమ్మ ఏమందో, మేమంతా ఎందుకు నవ్వామో దానికి గుర్తుందేమో. చెబితే అది అన్నది అన్నట్టే రాసి పంపు. నా మొదటి పుస్తకంలో ఆ ఎడమ పేజీ ఇంకా ఖాళీగానే ఉంది.

ప్రేమతో,
పెద్దమ్మ