సొంత విమానం కొనే ముందు ఏడాది ఖర్చు లెక్కేసుకో తమ్ముడూ

తమ్ముడూ, డల్లాస్‌లో పాత సెస్నా 172 (ఒకే ఇంజనున్న చిన్న విమానం) ఒకటి బేరానికి వచ్చిందని, మంగళగిరి దగ్గర స్థలం అమ్మి డబ్బు సర్దుతానని గుంటూరు నుంచి నాన్నగారు ఫోన్ చేశారని చెప్పావు. ఆయన్ని ఓ నెల ఆగమను. కొన్న ధర ఒక్కసారి కట్టేస్తాం, పోషించే ఖర్చు మాత్రం ఏటా ఉంటుంది.

ముందు ఒక మాట. నువ్వింకా హెచ్1బీ మీదే ఉన్నావు కదా, ఎఫ్ఏఏ (అమెరికా విమానయాన శాఖ) దగ్గర సొంత పేరు మీద రిజిస్ట్రేషన్ అవ్వాలంటే సిటిజన్ అన్నా అయ్యుండాలి, గ్రీన్‌కార్డు అన్నా ఉండాలి. ట్రస్టు పేరున పెట్టే దారి ఉంది గానీ ఆ ఫీజులు అదనం.

ఇక లెక్క. ఇవి ఉజ్జాయింపు అంకెలు, మీ ఎయిర్‌పోర్టులో అడిగి మార్చుకో. హ్యాంగర్ (విమానం పెట్టుకునే షెడ్డు) అద్దె నెలకు 400 చొప్పున 4,800 డాలర్లు, ఇన్సూరెన్స్ 1,500 (కొత్త పైలట్‌వి కాబట్టి ఎక్కువే అడగొచ్చు), యాన్యువల్, అంటే ఏడాదికోసారి చేయించే తనిఖీ, 2,500. మొత్తం 8,800. గంట కూడా ఎగరకపోయినా ఇది తప్పదు. ఎగిరితే గంటకు ఎనిమిదిన్నర గ్యాలన్ల పెట్రోలు, గ్యాలన్ 6 డాలర్లనుకుంటే దాదాపు 50, ఆయిలుకీ చిల్లర రిపేర్లకీ 15, ఇంజన్ కోసం పక్కన పెట్టాల్సింది 20, వెరసి 85. ఏడాదికి 100 గంటలు నడిపితే గంట 173కి పడుతుంది, 40 గంటలే నడిపితే 305 అవుతుంది.

ఆ 20 డాలర్లే అందరూ మర్చిపోతారు. 172లో ఉండే లైకమింగ్ ఇంజన్లకు మామూలుగా 2,000 గంటలకు ఓవర్‌హాల్ (మొత్తం విప్పి బాగుచేయడం) చేయించమని కంపెనీ చెబుతుంది. సొంతానికి నడుపుకునేవాళ్లని అది దాటిందని చట్టం ఆపదు, కానీ ఆ బిల్లు ఏదో ఒకరోజు వచ్చి తీరుతుంది. 40,000 అవుతుందనుకుంటే గంటకు 20 అన్నమాట. నువ్వు చూస్తున్నది ఇప్పటికే 1,400 గంటలు తిరిగిందంటే 28,000 విలువ అరిగిపోయినట్టే, బేరంలో ఆ మాట గట్టిగా అడుగు.

యాన్యువల్ ప్రతి 12 నెలలకూ తప్పనిసరి. మన ఆటోనగర్‌లో లారీ ఇంజన్ పొద్దున విప్పి, పక్క షాపులో లేతు మీద పార్టు చేయించి సాయంత్రానికి బిగించేస్తారు. ఇక్కడ అలా కుదరదు, ప్రతి పార్టుకీ ఆమోదం ఉండాలి, ఐఏ (తనిఖీ చేసి ఆమోదించే) అధికారమున్న మెకానిక్ లాగ్‌బుక్కులో, అంటే విమానం రికార్డు పుస్తకంలో, సంతకం పెట్టాలి. తనిఖీ ఫీజు వేరు, అందులో బయటపడిన రిపేర్ల బిల్లు వేరు, రెండోది ఒక్కోసారి మొదటిదానికి రెండింతలు కూడా అవుతుంది.

ఆయిలు 50 గంటలకో నాలుగు నెలలకో, ఏది ముందైతే అప్పుడు మార్చాలి. అది నువ్వే చేసుకోవచ్చు, చట్టం ఒప్పుకుంటుంది. పాత ఫిల్టరుని కోసి, లోపలి మడతల కాగితం విప్పి ఎండలో పెట్టి చూడు. సన్నటి రజను మెరిసి అయస్కాంతానికి అంటుకుంటే లోపల ఉక్కు అరుగుతోందని, వెంటనే మెకానిక్‌కి చూపించు. నెలల తరబడి కదలని విమానాలకే ఈ బాధ ఎక్కువ, ఈ లైకమింగ్ ఇంజన్లలో క్యామ్‌షాఫ్ట్ (వాల్వులని కదిలించే ఉక్కు కడ్డీ) పైన ఉంటుంది, ఆయిలు కిందికి దిగిపోయి తేమకి తుప్పు పడుతుంది. అందుకే తక్కువ గంటలు తిరిగిందని మురిసిపోకు.

నాకైతే మరో ఇద్దరితో కలిసి కొనుక్కోవడమే మంచిదనిపిస్తుంది, 8,800 మూడు వాటాలైతే టెన్షన్ సగం తగ్గుతుంది, విమానం కూడా ఊరికే పడుండదు. ఏదైనా సరే, అడ్వాన్స్ ఇచ్చే ముందు లాగ్‌బుక్కులన్నీ స్కాన్ చేసి పంపమను, అమ్మేవాడితో సంబంధం లేని మెకానిక్‌తో చూపించు. దానికి ఒప్పుకోకపోతే ఆ బేరం వదిలెయ్.