46 ఏళ్లకు ఉద్యోగం మాని సంగీతంలోకి రావచ్చా? నా అనుభవం

కంపెనీలో పెద్ద హోదా, 46 ఏళ్ల వయసు, ఇప్పుడు సంగీతాన్నే వృత్తి చేసుకోవచ్చా అని అడిగారు. చేసుకోవచ్చండి. నేను హైదరాబాద్‌లో ఒక కంపెనీకి సేల్స్ వైస్ ప్రెసిడెంట్‌గా చేస్తూ 51వ ఏట మానేశాను. ఇప్పుడు వీణ వాయిస్తాను, నేర్పిస్తాను. కాకపోతే రాజీనామా చేసి వీణ పట్టుకోలేదు, వీణ పట్టుకున్న పదకొండేళ్లకు రాజీనామా చేశాను.

చిన్నప్పుడు అమ్మ దగ్గర వీణ నేర్చుకోవడం గీతాల (తొలి చిన్న పాటల) దాకా వచ్చి ఆగిపోయింది. 40వ ఏట బొబ్బిలి దగ్గర గొల్లపల్లి వెళ్లి, ఒకే పనస దుంగ తొలిచి చేసిన వీణ తెచ్చుకుని, మళ్లీ మాయామాళవగౌళ రాగంలో సరళి వరసలనే మొదటి పాఠాల నుంచి కూర్చున్నాను. మా టీచరు గారికి అప్పుడు 27. నన్ను ‘సార్’ అంటూనే తప్పు వాయిస్తే అక్కడికక్కడే ఆపేసేవారు. తోడి రాగంలో గాంధారం (‘గ’) అనే ఒక్క స్వరానికే నాలుగు నెలలు పట్టింది. మెట్టు మీద వేలు పెట్టగానే పలికే స్వరం కాదది. తీగను పక్కకు లాగి ఊపాలి, ఆ లాగుడు కాస్త మించితే పై స్వరం మధ్యమమై (‘మ’) కూర్చుంటుంది. చూపుడు వేలు, మధ్య వేలు కోసుకుపోయి, తర్వాత కాయలు కాశాయి. ఆఫీసు అలవాటు కొద్దీ నెలకు ఇన్ని కృతులని (కీర్తనలని) లెక్క రాసుకునేవాణ్ణి. ‘సార్, కృతులు ఎక్కడికీ పోవు. ముందు ఈ గాంధారం పలకనివ్వండి’ అన్నారావిడ. ఆ రోజే ఆ పుస్తకం అటకెక్కించాను.

డబ్బు సంగతి దాచను. కచేరీల మీద ఇల్లు గడవదు. గుడి ఉత్సవాల్లో ఇచ్చేది మృదంగం, ఘటం వాళ్లకూ కారు ఖర్చుకూ సరిపోతుంది, ఒక్కోసారి మనమే కలపాలి. పక్కవాద్యాల వాళ్లకు మాత్రం ఎప్పుడూ బాకీ పెట్టకండి, వాళ్లకదే బతుకుతెరువు. ఆకాశవాణి ఆడిషన్‌లో బి గ్రేడు (కళాకారులకిచ్చే మొదటి స్థాయి) నాకు రెండోసారికి వచ్చింది. ఇల్లు నడిపేవి పాఠాలు. పొద్దున ఆరింటికి ఆన్‌లైన్‌లో అమెరికా తెలుగు పిల్లలు కూర్చుంటారు, వాళ్లకప్పుడు సాయంత్రం.

ఇంటి లోను తీరాకే మానేశాను. కంపెనీ గ్రూపు ఆరోగ్య ఇన్సూరెన్సు ఉద్యోగంతోనే పోతుంది, పాత జబ్బులకు సొంత పాలసీలో వెయిటింగ్ పీరియడ్ (ఖర్చు ఇవ్వని కొంతకాలం) ఉంటుంది, అందుకే సొంత పాలసీ ముందుగానే తీసుకోండి. ఈపీఎఫ్ పింఛను పూర్తిగా 58కే, 50 దాటాక కావాలంటే తగ్గించి ఇస్తారు.

ఏ వాద్యమో, ఎన్నాళ్లుగా నేర్చుకుంటున్నారో రాయలేదు మీరు. అది చెప్పండి. వీణ అయితే, ఉద్యోగం చేస్తూ రోజూ తెల్లవారుజామున గంటన్నర సాధన ఎలా కుదుర్చుకున్నానో వివరంగా రాస్తాను.