టీవీ టెక్నాలజీ ప్రాజెక్టు చేస్తే ఉద్యోగం వస్తుందా?

ప్రశ్న: మా అమ్మాయి విజయవాడలో ఈసీఈ మూడో సంవత్సరం. డిజిటల్ టీవీ ప్రసార ప్రమాణాల మీద ప్రాజెక్టు చేస్తానంటోంది. టీవీ చూసేవాళ్లే తగ్గిపోతున్నారు కదా! యాభై వేలు కట్టి ఏఐ కోర్సులో చేర్పిద్దామనుకుంటున్నాను. రెండింట్లో ఏది మేలు?

జవాబు: నాలుగేళ్లు ఫీజు కట్టాక పిల్ల ఖాళీగా కూర్చుంటుందేమోనన్నది మీ అసలు భయం. ఈ టెన్షన్ నాకు వచ్చే ఉత్తరాల్లో సగానికి పైగా కనిపిస్తుంది. మీ అమ్మాయి విషయంలో అంత భయం అక్కర్లేదు.

టీవీ సిగ్నల్‌ని ఏ పద్ధతిలో పంపాలో చెప్పే నియమాలే ఈ ప్రసార ప్రమాణాలు. మన డీటీహెచ్‌కి డీవీబీ-ఎస్, ఎస్2, కేబుల్‌కి డీవీబీ-సీ, యాంటెన్నాతో అందుకునే దూరదర్శన్‌కి డీవీబీ-టీ2 వాడతారు. అమెరికాది ఏటీఎస్‌సీ, జపాన్‌ది ఐఎస్‌డీబీ-టీ. పేర్లు ఎన్ని ఉన్నా లోపలి చదువు ఇంచుమించు ఒకటే. టీ2లో ఉన్న ఓఎఫ్‌డీఎం పద్ధతే (డేటాని చాలా సన్నని ఫ్రీక్వెన్సీల మీద పంచి పంపడం) వైఫైలో, 4జీ, 5జీల్లో ఉంది. ఎస్2లో తప్పులు సరిదిద్దే ఎల్‌డీపీసీ కోడ్‌ల రకమే 5జీ డేటాకీ వాడుతున్నారు.

జోరుగా వాన పడితే డిష్ టీవీలో బొమ్మ గళ్లుగళ్లుగా విడిపోవడం చూసే ఉంటారు. డిజిటల్ ప్రసారం 188 బైట్ల ప్యాకెట్లుగా వస్తుంది. ప్రతి ప్యాకెట్‌లో 0 నుంచి 15 దాకా తిరిగే లెక్క ఒకటి ఉంటుంది. ఒకే ఛానెల్ వీడియోకి చెందిన ప్యాకెట్లలో 6 తర్వాత 9 వచ్చిందంటే మధ్యలో ప్యాకెట్లు పోయినట్టే, బొమ్మ గళ్లవడం అందుకే. టీఎస్‌డక్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో ఈ లోపాన్ని మీ అమ్మాయే పట్టుకోగలదు. ఇంటర్వ్యూలో చూపించడానికి అంతకన్నా మంచి పని ఏముంటుంది?

ఏఐ మీద నాకు చిన్నచూపు లేదు. ఆరు వారాల సర్టిఫికెట్ల మీదే నా అనుమానమంతా. రెడీమేడ్ డేటాతో ఎవరో రాసిన కోడ్ నడిపించి, ప్రాబబిలిటీలో చిన్న ప్రశ్న అడిగితే నోరు మెదపలేని పిల్లల్ని చాలామందిని చూశాను. ఆ ప్రాబబిలిటీ మీ అమ్మాయికి కమ్యూనికేషన్స్ సబ్జెక్టులోనే వస్తుంది. పైథాన్ ప్రోగ్రామింగ్ మాత్రం తప్పకుండా నేర్చుకోమనండి.

టీవీ ఛానెళ్లలో ఇంజనీరు ఉద్యోగాలు తక్కువే, వాటినే నమ్ముకోవద్దు. టెలికాం టెస్టింగ్, వీడియో కంప్రెషన్, చిప్ డిజైన్ వైపు దారులున్నాయి. ఓటీటీలో వచ్చేదీ కంప్రెస్ చేసిన వీడియోనే.

ఇంకో మాట, కొంచెం కటువుగానే అంటున్నాను. ఉత్తరంలో కోర్సు ఫీజు రాశారు గానీ, అమ్మాయి ఈ ప్రాజెక్టే ఎందుకు కావాలంటోందో ఒక్క ముక్క రాయలేదు. అసలు అడిగారా? ఇరవై ఏళ్ల పిల్ల తనంతట తాను ఒక సబ్జెక్టు ఎంచుకుంటే, పక్కింటివాళ్ల అబ్బాయి ఏ కోర్సులో చేరాడో చూసి దాన్ని కొట్టేయడం అన్యాయం.

ఆ యాభై వేలలో కొద్దిగా తీసి ఒక ఆర్‌టీఎల్-ఎస్‌డీఆర్ డాంగిల్ (రేడియో సిగ్నళ్లను కంప్యూటర్‌లోకి తెచ్చే చిన్న యూఎస్‌బీ పరికరం) కొనివ్వండి. దాని చిప్ మొదట టీ2కి ముందు తరమైన డీవీబీ-టీ టీవీ చూడటానికి చేసిందే. ఇప్పుడు విద్యార్థులు దాంతో ఎఫ్‌ఎం నుంచి విమానాల సిగ్నళ్ల దాకా పట్టుకుంటున్నారు. మామూలు రకం మన టీ2ని డీకోడ్ చేయదు, అందుకని ప్యాకెట్ల సాధన రికార్డు చేసిన ఫైళ్లతో మొదలుపెట్టమనండి.