క్వార్టర్ ఫైనల్లో ఓడిపోయిన సాక్షి మాలిక్‌కు కాంస్యం ఎలా వచ్చింది?

అడిగినవి రెండు విషయాలు. రియో ఒలింపిక్స్ క్వార్టర్ ఫైనల్లో ఓడిన సాక్షి మాలిక్‌కు పతకం ఎలా వచ్చింది? ఆ ఒక్క పతకం తప్ప ఆమె కెరీర్‌లో చెప్పుకోదగ్గది ఇంకేమైనా ఉందా? కాలేజీ రోజుల్లో హైదరాబాద్‌లో కుస్తీ పట్టేదాన్ని. రాష్ట్ర స్థాయి దాటలేదు గానీ, రెపిచేజ్‌లో, అంటే ఓడినవాళ్లకు కాంస్యం కోసం దొరికే రెండో అవకాశంలో, ఆడటం ఎలా ఉంటుందో తెలుసు కాబట్టి రాస్తున్నాను.

రెపిచేజ్ ఓడిన అందరికీ రాదు. ఫైనల్‌కు చేరిన ఇద్దరి చేతిలో అంతకుముందు ఓడినవాళ్లకే ఆ దారి ఉంటుంది. మనల్ని ఓడించిన అమ్మాయి సెమీస్‌లో ఓడితే మనం బ్యాగు సర్దుకోవాల్సిందే. అందుకే ఇందాక మనల్ని మ్యాట్ మీద పడేసినామే గెలవాలని దేవుడికి మొక్కుకుంటూ కూర్చోవాలి. నేనూ అలా కూర్చున్నాను. చెమట ఆరిపోయి సింగ్లెట్ వీపుకు చల్లగా అంటుకుంటుంది. ఒళ్లు చల్లబడకుండా లేచి గెంతాలి, గెంతితే ఉన్న కాస్త ఓపికా పోతుందని భయం. నీళ్లు తాగితే కడుపు బరువెక్కుతుందని టెన్షన్. చివరికి పిలుపు వచ్చింది. కానీ ముంజేతులు అప్పటికే బిగుసుకుపోయాయి, ఎదుటి అమ్మాయి మణికట్టు పట్టుకుంటే వేళ్లు నిలవలేదు. మొదటి పీరియడ్, అంటే ఆటలో మొదటి సగం, కూడా పూర్తి కాకుండానే ఓడిపోయాను.

అందుకే 2016 ఆగస్టు 17న సాక్షి చేసింది నాకు మామూలు విషయంగా కనిపించదు. ఆమెది 58 కిలోల విభాగం. అప్పట్లో ఒక విభాగం పోటీలన్నీ ఒక్క రోజులోనే అయిపోయేవి. (ఇప్పుడు రెండు రోజులు, రెండో రోజు ఉదయం మళ్లీ బరువు చూస్తారు. పారిస్‌లో వినేశ్ ఫోగాట్ కొంప ముంచింది ఆ రెండో తూకమే.) సాక్షి స్వీడన్‌కు చెందిన యోహన్నా మాట్సన్‌ను 5-4తో ఓడించింది. మోల్డోవా రెజ్లర్ మరియానా చెర్దివారాతో స్కోరు 5-5తో సమమైనా నిబంధనల ప్రకారం గెలుపు సాక్షికే దక్కింది. క్వార్టర్స్‌లో రష్యాకు చెందిన వలేరియా కోబ్లోవా చేతిలో 2-9తో ఓడింది. ఆ కోబ్లోవా ఫైనల్‌కు వెళ్లింది, సాక్షికి దారి తెరుచుకుంది.

ఇంతవరకు అదృష్టం అంటే కాదనను. కానీ పతకానికి ఇంకా రెండు బౌట్లు గెలవాలి. మంగోలియాకు చెందిన ఓర్ఖోన్‌ను 12-3తో ఓడించింది. కాంస్యం కోసం కిర్గిజ్‌స్తాన్ రెజ్లర్ ఐసులూ టినిబెకోవాతో తలపడింది. విరామానికి సాక్షి 0-5తో వెనకబడి ఉంది. బౌట్ అంటే మూడేసి నిమిషాల రెండు పీరియడ్లు, మధ్యలో 30 సెకన్లు. అది ఆ రోజు ఆమెకు ఐదో బౌట్. అక్కడి నుంచి పాయింట్లు లాక్కుంటూ 5-5 చేసి, ఆఖరి సెకన్లలో మళ్లీ పడేసింది. అవతలివాళ్లు రిఫరీ నిర్ణయాన్ని చాలెంజ్ చేసి ఓడారు, అలా ఓడితే ఎదుటివాళ్లకు వచ్చే పాయింటూ కలిసి 8-5. ఆ టినిబెకోవా తర్వాత 2019లో, 2021లో ప్రపంచ చాంపియన్ అయింది, టోక్యోలో రజతం గెలిచింది. సాక్షి గెలిచింది అలాంటి మనిషి మీద.

భారత మహిళా రెజ్లింగ్‌లో అదే తొలి ఒలింపిక్ పతకం. రెండు రోజులకే పి.వి. సింధు ఫైనల్ ఆడేసరికి మన ఇళ్లలో సాక్షి పేరు వెనక్కి పోయింది. తప్పేం లేదు, మన పిల్ల కదా.

ఇక కెరీర్ సంగతి. రోహ్‌తక్ దగ్గర మొఖ్రా ఆమె ఊరు, తండ్రి బస్ కండక్టర్. ఛోటూరామ్ స్టేడియంలో ఈశ్వర్ దహియా దగ్గర, మగపిల్లలతో కలిసి నేర్చుకుంది. ఈ ఒక్కటి నా అనుభవానికీ దగ్గరే, మా దగ్గరా అమ్మాయిలు తక్కువ. మగపిల్లలతో పట్టు పడితే వాళ్ల బరువు మెడ మీద వేలాడుతుంది. మొదట్లో నరకంలా ఉంటుంది గానీ, రెండో పీరియడ్‌లో నిలబడటం అక్కడే అలవాటవుతుంది.

2014లో గ్లాస్గో కామన్వెల్త్ క్రీడల్లో రజతం, 2016 మేలో ఇస్తాంబుల్ క్వాలిఫయర్‌లో రియో బెర్త్. రియో తర్వాత మాత్రం ఆట ఒక తీరుగా సాగలేదు. 2018 గోల్డ్‌కోస్ట్ కామన్వెల్త్ క్రీడల్లో కాంస్యంతో సరిపెట్టుకుంది. తర్వాత ట్రయల్స్‌లో తనకంటే బాగా చిన్నదైన సోనమ్ మాలిక్ చేతిలో ఓడి టోక్యోకు వెళ్లలేకపోయింది. పనైపోయింది అన్నారు. 2022 బర్మింగ్‌హామ్ కామన్వెల్త్ క్రీడల 62 కిలోల ఫైనల్‌లో 0-4తో వెనకబడి, రెండో పీరియడ్‌లో కెనడా అమ్మాయి అనా గోడినెజ్ భుజాలు మ్యాట్‌కు ఆనించి (అలా ఆనిస్తే స్కోరుతో పనిలేదు, బౌట్ అక్కడితో అయిపోయినట్టే) స్వర్ణం గెలిచింది. ఆరేళ్ల తర్వాత కూడా అదే గుణం. రియో గాలివాటు కాదని నేను నమ్మేది దీన్ని చూసే.

లోటు లేదని కాదు. ప్రపంచ చాంపియన్‌షిప్‌లో సాక్షికి పతకం లేదు, ఏషియన్ గేమ్స్‌లోనూ లేదు. ఆ లెక్కన రెండు ప్రపంచ కాంస్యాలు, 2018 ఏషియాడ్ స్వర్ణం ఉన్న వినేశ్‌దే పైచేయి. ఇద్దరిలో ఎవరి టెక్నిక్ మేలని అడిగితే నేనూ వినేశ్ పేరే చెబుతాను.

2023లో రెజ్లింగ్ ఫెడరేషన్ అప్పటి అధ్యక్షుడు బ్రిజ్‌భూషణ్ శరణ్ సింగ్‌పై లైంగిక వేధింపుల ఆరోపణలతో జంతర్‌మంతర్ దగ్గర జరిగిన ధర్నాలో సాక్షి ముందు వరసలో ఉంది. ఆయన ఆరోపణలను తోసిపుచ్చారు. ఆయనకు సన్నిహితుడైన సంజయ్ సింగ్ డిసెంబరు 21న అధ్యక్షుడిగా గెలిచిన రోజే, బూట్లు టేబుల్ మీద పెట్టి ఆట మానేస్తున్నానని ప్రకటించింది. అప్పటికి ఆమె వయసు 31. ఆటలో ఇంకో ఒకట్రెండేళ్లు మిగిలి ఉన్నాయనే నా అభిప్రాయం.

వీడియోలు చూడాలనుకుంటే ముందు బర్మింగ్‌హామ్ ఫైనల్ చూడండి, చిన్న బౌట్. తర్వాత రియో కాంస్య పోరు, అదీ విరామం నుంచి. స్కోరు బోర్డును వదిలేసి సాక్షి తల ఎక్కడ పెడుతోందో గమనించండి. ఎదుటి మనిషి తల కన్నా కిందే ఉంటుంది, అలసిపోయాక మాలాంటివాళ్లు ముందు వదిలేసేది దాన్నే.