మీరు అడిగారు: బిడ్డ పోయాక దూరమైన దంపతులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో మూడింటిని ఒకచోట చేర్చాం. ఊళ్లు తప్ప మిగతా ఆనవాళ్లు తీసేసి, ప్రశ్నలు కుదించి ఇస్తున్నాం. కుటుంబ సలహాదారు, న్యాయవాది కలిసి సమాధానాలు రాశారు.

ప్రశ్న: నా వయసు 38. పదకొండేళ్ల మా బాబు డెంగీతో పోయి 16 నెలలైంది. పది నెలలుగా నేను తెనాలిలో అమ్మావాళ్లింట్లో ఉంటున్నాను, ఆయన హైదరాబాద్‌లో ఉన్నారు. ఆయన నా ఎదుట ఒక్కసారీ ఏడవలేదు. పన్నెండో రోజు కాగానే ఆఫీసుకి వెళ్లిపోయారు. ఒకరోజు కోపంలో ‘నువ్వు ఒకరోజు ముందు ఆస్పత్రికి తీసుకెళ్లి ఉంటే’ అన్నారు. ఆ మాట మరిచిపోలేకపోతున్నాను. నేను దీపం పెట్టడం మానేశాను. ఆయనేమో ఏడాది దాటాక అయ్యప్ప మాల వేసుకుని శబరిమల వెళ్లొచ్చారు. ఇప్పుడు ‘అన్నవరంలో ఇద్దరం వ్రతం చేసుకుని ఇంటికి వెళ్దాం’ అని మెసేజ్ పెట్టారు. నాకూ కలిసి ఉండాలనే ఉంది. కానీ నమ్మకం లేకుండా పీటల మీద కూర్చుంటే నటన కాదా?

సమాధానం: వ్రతానికి తొందరపడకండి. ఆయన పిలుపు మంచిదే, ఎంచుకున్న సందర్భమే సరైనది కాదు. సత్యనారాయణ వ్రతం సంకల్పంలోనే చాలామంది పురోహితులు ‘పుత్రపౌత్రాభివృద్ధ్యర్థం’ అని చెప్పిస్తారు. తర్వాత కథ వస్తుంది. ప్రసాదాన్ని అలక్ష్యం చేసిందని కళావతి భర్త ఓడతో సహా మాయమవుతాడు. గొల్లలు పెట్టిన ప్రసాదం తీసుకోలేదని తుంగధ్వజ మహారాజుకి నూరుగురు కొడుకులూ పోతారు. కథలో చివరికి అందరూ తిరిగొస్తారు. మీకు అది జరగదు. వింటున్నంతసేపూ ‘నువ్వేం తప్పు చేశావు’ అని ఎవరో అడుగుతున్నట్టే ఉంటుంది. పైగా అన్నవరం వ్రత మండపాల్లో పక్కపక్కనే పదుల జంటలు, వాళ్ల ఒళ్లో పిల్లలు. పక్కావిడ మాట కలిపి ‘మీకెంతమంది’ అని అడగకుండా ఉండదు. అక్కడ మీరు లేచి వచ్చేస్తే ఆయనకది రెండో తిరస్కారం అవుతుంది. వ్రతం చెడ్డదని కాదు, దానికి ఇంకా వేళ కాలేదు.

ముందు బాబు కోసం ఇద్దరూ కలిసి ఒక పని చేయండి. మన ఇళ్లలో కర్మకాండ అంతా మగవాళ్లే చేస్తారు, తల్లిని శ్మశానం దాకా కూడా రానివ్వరు. ఆయనకి ఆ పది రోజులూ చేతినిండా పని, మీకు మూల గది. మీ ఇద్దరి దుఃఖం వేర్వేరు దారులు పట్టడానికి ఇదొక పెద్ద కారణం.

మహాలయ పక్షంలో, అంటే భాద్రపద బహుళ పాడ్యమి నుంచి అమావాస్య వరకు, తండ్రి తాతలకే కాక ‘కారుణ్య పితరుల’ పేరిట భార్య, కొడుకు, అన్నదమ్ములు, స్నేహితుల వరకూ తిలోదకాలు వదులుతారు. పుష్కరాల్లోనూ అంతే. గోదావరి పుష్కరాలు 2027లో వస్తున్నాయి. అయితే మీ మామగారు జీవించి ఉంటే మీవారు తర్పణం వదలకూడదనే ఆచారం చాలా ఇళ్లలో ఉంది. ఉపనయనం కాని పిల్లలకి ఏం చేయాలన్నది కూడా ఇంటింటికీ మారుతుంది. కాబట్టి పురోహితుణ్ణి ముందే ఫోన్లో మూడు అడగండి: తండ్రి ఉన్నవాడు చేయవచ్చా, ఉపనయనం కాని బిడ్డకి ఏం చేస్తారు, అందులో భార్య పాత్ర ఏమిటి? తీరా రేవులో కూర్చున్నాక ‘ఇది మీకు లేదు’ అనిపించుకోవడం కంటే ఇదే మేలు.

తర్పణం కుదరకపోతే దానం చేయండి. దానంలో భర్త ఇస్తుంటే ఆ చేతి మీద నీళ్లు వదలాల్సింది భార్యే. ఇద్దరూ దగ్గరగా కూర్చోవాలి, చెంబు మీ చేతిలో ఉంటుంది, అయిదు నిమిషాల్లో అయిపోతుంది. దానికి మీ నమ్మకం ఎంతుందో ఎవరూ కొలవరు. బియ్యం, పప్పు, ఒక కొత్త స్కూల్ బ్యాగు, ఏదైనా సరే. ఏ రోజు అన్నది మాత్రం ముందే తేల్చుకోండి. ఆయన తిథి పట్టుకుంటారు, మీకు ఇంగ్లిష్ తేదీ మనసులో ఉంటుంది. తిథికీ తేదీకీ మధ్య రెండు మూడు వారాల తేడా కూడా రావచ్చు. ‘నీకు గుర్తే లేదు’ అనే గొడవలు చాలావరకు ఇక్కడే పుడతాయి.

ఇక ఆయన ఏడవలేదన్న మాట. దుఃఖంలో మనిషి పోయినవాళ్ల వైపు, మిగిలిన బతుకు వైపు అటూ ఇటూ ఊగుతుంటాడని స్ట్రోబె, షుట్ అనే పరిశోధకులు 1999లో ప్రతిపాదించారు. దంపతుల్లో తరచూ ఒకరు అటు, ఒకరు ఇటు చిక్కుకుపోతారు. ఆఫీసుకి వెళ్లినంత మాత్రాన మరిచిపోయినట్టు కాదు. దీక్ష సంగతీ ఆలోచించండి. 41 రోజులు నేలమీద పడక, చెప్పుల్లేని కాళ్లు, గడ్డం. ఎవరు పలకరించినా ‘స్వామీ’ అంటారే తప్ప ‘ఎలా ఉన్నావ్’ అని తవ్వరు. శరణు ఘోషలో మగవాడి గొంతు జీరబోయినా ఎవరూ వింతగా చూడరు. ఆయన ఏడుపు అక్కడే తీరిందేమో! మీరు మానేసిన దీపం కూడా అలాంటిదే. దేవుడి మీద అలగడం మనకి కొత్తేం కాదు, గోల్కొండ చెరలో రామదాసు రాముణ్ణి తిడుతూనే కీర్తనలు కట్టాడు. ‘నువ్వెలా మొక్కుతున్నావ్’ అని మీరు, ‘నువ్వెందుకు మొక్కవు’ అని ఆయన అడక్కూడదని మాత్రం ముందే ఒప్పందం చేసుకోండి.

‘ఒకరోజు ముందు’ అన్న మాటని క్షమాపణతో మూసేయలేరు, దాన్ని ప్రశ్నలాగే తీసుకోవాలి. డెంగీలో ప్రమాదం తరచూ జ్వరం తగ్గుతున్నప్పుడే మొదలవుతుంది, సాధారణంగా మూడు నుంచి ఏడో రోజు మధ్య. ఒళ్లు చల్లబడిందని తల్లిదండ్రులు ఊపిరి పీల్చుకునే ఆ 24 నుంచి 48 గంటల్లోనే రక్తనాళాల్లోంచి ప్లాస్మా (రక్తంలోని ద్రవం) కారి బీపీ పడిపోతుంది. మీ ఇంట్లో ఏం జరిగిందో మాకు తెలియదు. ఆస్పత్రిలో కేస్ షీట్ నకలు అడగండి. ఇన్‌పేషెంట్ రికార్డులు మూడేళ్లు ఉంచాలి, అడిగిన 72 గంటల్లో ఇవ్వాలి. వైద్యులకి 2002 నుంచి ఉన్న నిబంధన ఇది. మీకింకా గడువుంది. వాటితో ఆ ఆస్పత్రికి సంబంధం లేని పిల్లల డాక్టర్ దగ్గర అరగంట సమయం తీసుకుని, ఇద్దరూ పక్కపక్కనే కూర్చుని వినండి. ఒక్కరే వెళ్లి వచ్చి చెబితే రెండోవాళ్లు నమ్మరు. ‘ఆలస్యం జరిగింది’ అని ఆ డాక్టరే అనొచ్చు కూడా, దానికి సిద్ధపడే వెళ్లండి. అప్పుడు కూడా ‘అది ఆ ఇంట్లో ఉన్న ఇద్దరికీ తెలియలేదు’ అన్నది నిజంగానే మిగులుతుంది.

మొదటి కలయిక మీ పుట్టింట్లోనూ వద్దు, ఆయన ఫ్లాట్‌లోనూ వద్దు. విజయవాడలో ఒక పార్కో, తెలిసినవాళ్ల ఖాళీ ఇల్లో చూసుకోండి. ముప్పావుగంట చాలు. ఒకరు పది నిమిషాలు మాట్లాడుతుంటే రెండోవాళ్లు మధ్యలో అందుకోకూడదు, తర్వాత రెండోవాళ్ల వంతు. ఆ రోజు నాలుగు విషయాలు ఎత్తొద్దు: తప్పు ఎవరిది, ఎప్పుడొస్తావ్, డబ్బు, మళ్లీ బిడ్డ. బాబు గురించే మాట్లాడండి. పక్షం రోజులాగి మళ్లీ కలవండి. మూడు నాలుగు సార్లు ఇలా గడిచాక ఒక శని ఆదివారాలు కలిసి ఉండండి, తర్వాత నాలుగు రోజులు. ఒకే మంచం అన్న షరతు వద్దు. పెద్దవాళ్లని తోడు తెచ్చుకుంటే అది పంచాయితీగా మారుతుంది. తప్పనిసరైతే రెండు వైపుల నుంచీ ఒక్కొక్కరే రావాలి.

బాబు వస్తువులు ఒకేరోజు సర్దేయకండి. మూడు పెట్టెలు పెట్టండి, ఉంచేవి, ఇచ్చేవి, తేల్చుకోలేనివి. మూడో పెట్టెని ఆరు నెలల తర్వాతే తెరవాలి. ఏ వస్తువైనా ఇద్దరూ ‘సరే’ అంటేనే ఇల్లు దాటాలి. ఫోన్‌లోని ఫొటోలు, వాయిస్ మెసేజ్‌లు ముందుగా రెండు చోట్ల కాపీ చేసుకోండి. ఫోన్ పాడైన రోజున రెండోసారి పోగొట్టుకున్నట్టవుతుంది.

ఏడాది దాటాక కూడా దాదాపు రోజంతా అదే ధ్యాస, తిండీ నిద్రా గాడిన పడకపోవడం, బతకడం వృథా అనిపించడం ఉంటే దాన్ని ‘మనోబలం లేదు’ అని కొట్టిపారేయొద్దు. దీర్ఘకాలిక శోకాన్ని ఇప్పుడు ప్రత్యేకమైన రుగ్మతగా గుర్తించారు, చికిత్స ఉంది. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ ‘టెలీ మానస్’ నంబర్ 14416, ఉచితం, తెలుగులో మాట్లాడతారు. చనిపోవాలన్న ఆలోచన వస్తే రేపటిదాకా ఆగకుండా ఆ క్షణమే ఫోన్ చేయండి.

బిడ్డ పోయిన జంటల్లో పదికి తొమ్మిది విడిపోతాయని ఎవరైనా అంటే నమ్మకండి. బిడ్డల్ని పోగొట్టుకున్న తల్లిదండ్రుల కోసం పనిచేసే ‘కంపాషనేట్ ఫ్రెండ్స్’ అమెరికాలో 1999లో సర్వే చేస్తే విడాకులు తీసుకున్నవాళ్లు సుమారు 12 శాతం. మన దగ్గరి లెక్క కాదు నిజమే, కానీ ఆ తొమ్మిది మాట మాత్రం గాలి కబురు.

ప్రశ్న: ఎనిమిదో నెలలో మాకు బిడ్డ కడుపులోనే పోయింది. అప్పట్నుంచీ నా భార్య పక్కింటావిడతో చర్చికి, శుక్రవారం ఉపవాస ప్రార్థనకి వెళ్తోంది. మాటా మాటా పెరిగి వాళ్ల అక్క ఇంటికి వెళ్లిపోయింది. ప్రార్థనకి అడ్డుపడనంటే వస్తానంటోంది. మా అమ్మ ఒప్పుకోవడం లేదు. నేనేం చేయాలి? (రాజమహేంద్రవరం)

సమాధానం: ముందు ఆవిడకి చర్చిలో ఏం దొరికిందో చూడండి. మీ ఇంట్లో ‘ఇంకొకర్ని కనొచ్చులే’ అని ఉంటారు. అక్కడ ఆ బిడ్డ కోసం నలుగురు కళ్లు మూసుకుని ప్రార్థన చేసి ఉంటారు. ప్రసవమైన తల్లికి పాలు పడతాయి, ఒళ్లో బిడ్డ ఉండదు. ఆ వారం గురించి మీరు ఎప్పుడైనా అడిగారా? బిడ్డని ఎక్కడ పూడ్చారో, ఎవరు తీసుకెళ్లారో ఆవిడకి చెప్పారా? చెప్పకపోతే మీ సంధి అక్కడ మొదలుపెట్టండి. చోటు తెలిస్తే ఇద్దరూ వెళ్లి రండి.

న్యాయపరంగా ప్రార్థనకి వెళ్లడం మతం మారడం కాదు. హిందూ వివాహ చట్టం 13వ సెక్షన్‌లో మతమార్పిడి విడాకులకి ఒక కారణంగా ఉంది నిజమే, కానీ ఆదివారం చర్చిలో కూర్చున్నంత మాత్రాన అది వర్తించదు. దాన్ని ఆయుధంగా వాడదామనుకుంటే ఇక ఆవిడ తిరిగి రారు.

ఇంట్లో పేచీ వచ్చేది సాధారణంగా దేవుడి దగ్గర కాదు, సమయం, డబ్బు, తిండి దగ్గర. వాటిని విప్పి మాట్లాడుకోండి. ఆదివారం ఎన్నింటికి వెళ్లి ఎన్నింటికి రావాలి, ప్రార్థన కూటం ఇంట్లో పెట్టాలంటే ముందు మిమ్మల్ని అడగాలా, ప్రసాదం వద్దంటే మీ అమ్మగారు తప్పు పట్టకూడదు, పండగ పూట వంటలో సాయం చేసి పూజలో కూర్చోకపోయినా సరే. చర్చికి దశమ భాగం (సంపాదనలో పదో వంతు) ఇవ్వాలనుకుంటే ఎవరి సంపాదన నుంచి, ఎంత అన్నది కూడా. బాప్తిస్మం గురించి ఏడాది వరకు ఇద్దరిలో ఎవరూ ఒత్తిడి చేయకుండా ఉండటం మంచిదని మా అభిప్రాయం. శోకం పచ్చిగా ఉన్నప్పుడు తీసుకున్న నిర్ణయం ఏ వైపుదైనా తర్వాత పీకుతుంది. ఆవిడ ఒప్పుకుంటే ఒక్కసారి పాస్టర్‌ని కలవండి. భార్యని ఇంటికి పంపడానికి సాయపడేవారో, మీ మీదికి ఎగదోసేవారో ఒక్క సంభాషణలో తెలిసిపోతుంది. బైబిల్లో బిడ్డల్ని పోగొట్టుకున్న యోబు దగ్గరికి వచ్చిన స్నేహితులు ఏడు రోజులు నోరు విప్పకుండా పక్కన కూర్చున్నారు, మాట్లాడటం మొదలుపెట్టాకే చెడగొట్టారు. ఈ సంగతి పాస్టర్‌కే కాదు, మీ అమ్మగారికీ పనికొస్తుంది. అమ్మగారితో మాట్లాడాల్సింది మీరే, భార్య చేత మాట్లాడించకండి.

ప్రశ్న: మా పాప పోయాక పరస్పర అంగీకారంతో విడాకులకి వేశాం. మొదటి మోషన్ (కోర్టులో ఇద్దరం మొదటిసారి అంగీకారం చెప్పడం) అయి నాలుగు నెలలు. ఇప్పుడు ఇద్దరికీ మనసు మారుతోంది. కేసు ఏం చేయాలి? (కరీంనగర్)

సమాధానం: గాభరా పడాల్సింది లేదు. హిందూ వివాహ చట్టంలో పరస్పర అంగీకార విడాకుల సెక్షన్ 13-బి కింద రెండో మోషన్ పిటిషన్ వేసిన ఆరు నెలల తర్వాత, 18 నెలల లోపు వేయాలి. డిక్రీ వచ్చేదాకా ఇద్దరిలో ఎవరైనా అంగీకారం వెనక్కి తీసుకోవచ్చని సుప్రీంకోర్టు 1991లో చెప్పింది. ఆ ఆరు నెలల నిరీక్షణని కోర్టు మాఫీ చేయవచ్చని 2017లో చెప్పింది కాబట్టి, మాఫీ కోసం పిటిషన్ వేయొద్దని మీ వకీలుకి ఇవాళే చెప్పండి. నిర్ణయం గట్టిపడితే ఇద్దరూ సంతకాలు చేసి పిటిషన్ ఉపసంహరణకి మెమో వేయండి. వాయిదాకి హాజరు కాకుండా ఊరుకోవడం మాత్రం వద్దు.

దీంతో పాటు భరణం, గృహహింస కేసులుంటే విడివిడిగా ముగించాలి. వరకట్న వేధింపుల క్రిమినల్ కేసు ఉంటే మీరు కలిసిపోయినంత మాత్రాన అది రద్దు కాదు, దాన్ని కోర్టు ద్వారానే ముగించుకోవాలి. ఒప్పందం ప్రకారం నగలు, డబ్బు అప్పటికే చేతులు మారి ఉంటే ఎవరి దగ్గర ఏముందో ఒక కాగితం మీద రాసి ఇద్దరూ సంతకం పెట్టుకోండి. ఇంకోటి. 13-బికి ఏడాది విడిగా ఉండాలన్న షరతుంది. మళ్లీ కాపురం మొదలుపెట్టి అది కుదరకపోతే ఆ ఏడాది మొదటి నుంచి లెక్కకొస్తుంది. ఇది తెలిసే కలవండి, దీనికి భయపడి ఆగొద్దు.

కొందరు ‘సెక్షన్ 9 వేసి కాపురానికి రప్పిద్దాం’ అంటారు. మీ ఇద్దరికీ ఇష్టం ఉన్నప్పుడు అది అనవసరం, ఇష్టం లేనప్పుడు ఆ డిక్రీతో మనిషిని చెయ్యి పట్టుకుని తీసుకురాలేరు. ఫ్యామిలీ కోర్టులోనే కౌన్సెలర్‌ని అడగండి, రాజీకి ప్రయత్నించడం ఆ కోర్టు బాధ్యత. ఇద్దరిలో ఒకరు కోరినా విచారణ తలుపులు మూసి జరుపుతారు. న్యాయసేవాధికార సంస్థల హెల్ప్‌లైన్ నంబర్ 15100. ఆదాయంతో నిమిత్తం లేకుండా మహిళలకి వకీలు ఉచితం.