చెప్పి రా, అమ్మడూ

నెల్లూరు

అమ్మడూ,

నిన్న ఫోన్లో "అత్తా, ఇంటికి సెప్టెంబరు 15కి టికెట్ తీసుకున్నా" అని, ఇంకేం మాట్లాడలేక పెట్టేశావు. మీ నాన్న సిగ్నల్ పోయిందనుకున్నాడు. నాకు మాత్రం అర్థమైంది. 1991లో నేనూ నువ్వు చదివే ఆ ఎడిన్‌బరోలోనే ఏడాది చదువుకుని వచ్చాను కదా.

ముందు కాగితాల సంగతి చెప్పేస్తాను. అద్దె ఇల్లు వదిలేటప్పుడు స్కాట్లండ్‌లో 28 రోజుల ముందే నోటీసు రాసివ్వాలి. నీ అడ్వాన్సు ఓనరు దగ్గర కాకుండా డిపాజిట్ స్కీములో ఉంటుంది. అది తిరిగి జమయ్యేదాకా అక్కడి బ్యాంకు ఖాతా మూసెయ్యకు. గది ఖాళీ చేశాక గోడలూ పొయ్యీ కార్పెట్టూ ఫోటోలు తీసిపెట్టుకో. పట్టాకి అపోస్టిల్ ముద్ర, అంటే అది అసలుదేనని వేరే దేశాల కోసం వేసే ముద్ర, బ్రిటన్‌లోనే వేయించాలి. అది నువ్వు వచ్చేశాక చేతికొచ్చేటట్టయితే ఆ పని ఎవరికి అప్పజెప్పాలో ఇప్పుడే అనుకో. ఇవన్నీ ఆగస్టులోనే తేల్చుకుంటే చివరి పది రోజులూ నీవి.

ఆ పది రోజుల్లో చూడని చోట్లన్నీ చూసేయాలని పరిగెత్తకు. నేను అదే చేశాను. ఆఖరి వారంలో లాక్ నెస్ సరస్సు చూడాలని బస్సెక్కి పోయాను. ఆ రోజంతా వాన. తడిసిన బస్సు అద్దం తప్ప ఇంకేమీ గుర్తులేదు. నువ్వు రోజూ తిరిగిన చోటికే పో. మెడోస్ పార్కులో చెర్రీ చెట్ల కింద, క్లాసుకి ఆలస్యమైందని ఉరికిన ఆ దారిలో, ఒక్కసారి ఉరకకుండా నడువు. ఆర్థర్స్ సీట్ కొండ 251 మీటర్లే కదా, పొద్దున్నే ఎక్కి కాసేపు కూర్చో. ఆగస్టంతా నాటకాల, పాటల ఫెస్టివల్ జనంతో ఊరు మనది కానట్టుంటుంది. సెప్టెంబరులో మళ్లీ మనదవుతుంది. నీ టికెట్ ఆ తర్వాతే పడడం నాకు సంతోషంగా ఉంది.

కోట మీద ఒంటిగంట ఫిరంగి కూడా విను. ఓడలవాళ్లు గడియారాలు సరిచేసుకోవడానికని 1861లో మొదలుపెట్టారు, ఇప్పటికీ ఆదివారాలు తప్ప దాదాపు రోజూ పేలుస్తారు. మొదటి వారం ఆ మోతకి నేను చేతిలో పుస్తకాలు కింద పడేశాను. తర్వాత అది వినబడితే అన్నం వేళయిందనుకునేదాన్ని. నెల్లూరు వచ్చాక కూడా చాలా రోజులు ఒంటిగంటకి నా చెవి దానికోసం చూసేది.

అసలు చెప్పాలనుకున్నది మనుషుల గురించి. మార్చ్‌మాంట్ పేటలో నేనున్న ఇంటావిడకి అప్పటికే డెబ్బై దాటాయి. నాకు హీటర్ వెలిగించడం నేర్పింది ఆవిడే. చలికి నిద్రపట్టక కూర్చుంటే, వేడినీళ్ల రబ్బరు సంచి గుడ్డలో చుట్టి తెచ్చి ఇచ్చింది. అలాంటి మనిషికి నేను చెప్పకుండా వచ్చాను. ఎదురుపడితే ఏడుస్తానని భయం. తెల్లవారకముందే తాళాలు తలుపు సందులోంచి లోపలికి జారవిడిచి, పెట్టె ఈడ్చుకుంటూ వేవర్లీ స్టేషన్‌కి నడిచిపోయాను. ఇక్కడికి వచ్చాక ఉత్తరం రాశాను. ఆ రోజు పొద్దున ఇద్దరికీ టీ పెట్టానని జవాబు రాసింది. ఒక్కమాట కూడా నిష్ఠూరంగా లేదు. ఇన్నేళ్లయినా ఆ వాక్యం తలుచుకుంటే నాకు గొంతు పట్టేస్తుంది.

నువ్వలా చెయ్యకు. నీకు పార్ట్‌టైమ్ పనిప్పించిన కేఫ్ ఆయన, లైబ్రరీలో రాత్రి డ్యూటీ చేసే ఆవిడ, జ్వరమొచ్చినప్పుడు గంజి కాచిన కేరళ అమ్మాయి, ఒక్కొక్కరి దగ్గరికీ విడిగా పో. గ్రూపులో మెసేజ్ పెడితే చెప్పినట్టు కాదు. "మీరు నాకు ఫలానా రోజు ఇది చేశారు, మరిచిపోను" అని ఆ రోజు సంగతే చెప్పు. ఏడుపొస్తే ఏడువు. వాళ్లేమీ అనుకోరు.

నువ్వు వెళ్లే ముందు రొట్టెల పండగకి స్వర్ణాల చెరువులో మీ అమ్మ పక్కన మోకాలిలోతు నీళ్లలో నిలబడి చదువు రొట్టె అందుకున్నావు, గుర్తుందా? కోరిక తీరినవాళ్లు మళ్లీ వచ్చి, ఇంకొకరి చేతిలో రొట్టె పెట్టాలి. నీ కుక్కరూ, రజాయీ, మసాలా డబ్బాలూ అమ్మకానికి పెట్టానన్నావే, వద్దు. సెప్టెంబరులోనే కదా కొత్తపిల్లలు దిగేది. అన్నం ఎక్కడ వండుకోవాలో తెలియక దిక్కులు చూసే పిల్ల ఎవరైనా కనబడితే ఆ అమ్మాయికి ఇచ్చిరా. బియ్యం ఎక్కడ చవకో, ఏ నంబరు బస్సెక్కాలో కూడా కాగితం మీద రాసి కుక్కర్లో పెట్టు.

వచ్చిన కొత్తలో కొంచెం కష్టంగానే ఉంటుంది. ఎండ మండిపోతుంటుంది, చుట్టాలు ప్యాకేజీ ఎంతని అడుగుతారు. అక్కడ ఇట్లా ఉండేది, అట్లా ఉండేది అని మీ అమ్మ ముందు అస్తమానం అనకు, నొచ్చుకుంటుంది. నా దగ్గరికి వచ్చి ఎంతసేపైనా చెప్పు. సాయంత్రం పెన్న ఒడ్డున రంగనాయకుల గుడి దాకా నడుద్దాం. ఆ ఊరి వీధుల పేర్లు నోరారా పలికే మనిషి ఇంకొకరుంటే ఎంత ఊరటో నాకు తెలుసు, ఎందుకంటే అప్పట్లో నాకు అలాంటివాళ్లు దొరకలేదు.

చెన్నై ఎయిర్‌పోర్టుకి మీ నాన్నతో నేనూ వస్తాను. చేపల పులుసు ముందురోజే కాచిపెడతాను, నిలవుంటేనే కదా దానికి రుచి.

నీ మేనత్త