డోప్ తెల్లబడుతోందా? డబ్బాని తిట్టకండి

పుష్పక్ అనే చిన్న విమానం రెక్క బట్టకు నైట్రేట్ డోప్ (బట్టని బిగించి గట్టిపరిచే పూత) కొట్టిన పది నిమిషాల్లో తెల్లటి మచ్చలు వస్తున్నాయి, డబ్బా పాతదయిందా అని అడిగారు. చాలావరకు అది డబ్బా తప్పు కాదు. దాన్ని బ్లష్ అంటారు. మన విశాఖ గాలి చేసే పని.

డోప్‌లోని థిన్నర్ గబగబా ఆవిరవుతూ బట్ట మీది వేడిని లాగేస్తుంది. అలా చల్లబడిన తడి పొర మీద గాలిలోని తేమ మంచులా దిగుతుంది. ఆ నీటికి డోప్‌లో పొరగా మారాల్సిన నైట్రోసెల్యులోజ్ విరిగిన పాలలా విడిపోతుంది. చూడ్డానికి మచ్చే గానీ, అక్కడ పొర గుల్ల, బలం ఉండదు. పైన ఇంకో కోటు కొట్టి కప్పెయ్యకండి.

నేనూ ఈ దెబ్బ తిన్నవాణ్ణే. లాసన్స్ బే దగ్గర ఒక షెడ్‌లో, ప్రదర్శనకు పెట్టే విమానం రడ్డర్ (తోక మీద నిలువుగా కదిలే పలక) మీద పని. దుమ్ము లేవకూడదని పొద్దున్నే నేలంతా కల్లాపి చల్లినట్టు నీళ్ళు కొట్టించాను. ఘనకార్యం! గంటలో రడ్డర్‌కి విభూతి పూసినట్టయింది.

తేమ తగ్గిన రోజు చూసి, థిన్నర్‌లో రిటార్డర్ కలిపి పొగమంచులా పలచగా కొట్టాం. రిటార్డర్ మెల్లగా ఆరుతుంది కాబట్టి, కరిగిన పొర సర్దుకోవడానికి టైమ్ దొరుకుతుంది. చాలా మచ్చలు పోయాయి. రెండు చోట్ల పోలేదు, అక్కడ థిన్నర్‌తో తుడిచేసి మళ్ళీ మొదటి కోటు నుంచి వచ్చాం. రిటార్డర్ ఎక్కువ పోస్తే మాత్రం పొర రోజుల తరబడి మెత్తగానే ఉంటుంది.

ఇప్పుడు గోడకి తేమ మీటర్ తగిలించుకున్నాను. 65 శాతం దాటితే స్ప్రే గన్ ముట్టను. అంతకంటే తేమ తక్కువుండే పూటలు మనకి ఎక్కువగా డిసెంబరు, జనవరి మధ్యాహ్నాల్లోనే దొరుకుతాయి. అలాగని సముద్రపు గాలి రాకుండా తలుపులన్నీ బిగించుకోకండి. నైట్రేట్ ఆవిరికి చిన్న నిప్పురవ్వ చాలు. కారు పెయింటు కొట్లో దొరికే చవక థిన్నరూ వద్దు, అది ఇంకా త్వరగా ఆరి మచ్చల్ని పెంచుతుంది.

మచ్చలు పోయాకే సిల్వర్ కోట్లకి వెళ్ళండి. ఎండలోని అతినీలలోహిత కిరణాల నుంచి బట్టని కాపాడేది అందులోని అల్యూమినియం పొడే. రెక్క లోపల బల్బు పెట్టి చూస్తే వెలుగు బయటికి కనిపించకూడదు. పైన బ్యూటిరేట్ (ఇంకో రకం డోప్) కొట్టొచ్చు, కానీ బ్యూటిరేట్ మీద నైట్రేట్ పట్టదు. మీది ఎగరాల్సిన విమానమైతే, డీజీసీఏ (పౌర విమానయాన నియంత్రణ సంస్థ) లైసెన్సు ఉన్న ఇంజనీరుకి చూపించకుండా మచ్చల మీద చెయ్యి పెట్టకండి.